పాత రాతి ఆనకట్టకి ఊట వస్తోంది, దిగువ వైపు సిమెంట్ ప్లాస్టరింగ్ చేయిస్తే సరిపోతుందా?

గట్టుమీద:

అందరికీ నమస్కారం. పోస్ట్ కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

మేం కొంతమందిమి కలిసి ఒక చిన్న పాత ఆనకట్ట బాగోగులు చూసుకుంటున్నాం. రాతి కట్టడం, సున్నం గచ్చుతో కట్టింది, పునాది నుంచి ఎత్తు 6 మీటర్ల దాకా ఉంటుంది. దేనికోసం కట్టారో ఆ పని ఎప్పుడో ఆగిపోయింది, ఇప్పుడు ఆ నీళ్లు ఎవరి పొలానికీ పోవు, ఎవరి కుళాయికీ పోవు. జనం ఈతకి, చిన్న పడవలకి, గాలం వేసుకోడానికి వస్తారు, వానలు పడి నీళ్లు కట్ట మీంచి పొర్లితే దిగువన ఆ ధార కింద నిలబడి తడవడానికి ఇంకా ఎక్కువమంది వస్తారు. చాలామంది పిల్లలు ఈత నేర్చుకుంది అక్కడే, అది పోతే మాకు ఇంకోటి లేదు, అందుకే ఇంత తాపత్రయం.

సమస్య ఏంటంటే దిగువ వైపు గోడ కింది భాగం ఎప్పుడూ తడిగా ఉంటోంది, రాళ్ల మధ్య దర్జుల్లోంచి తెల్లగా చారలు కారి గట్టిపడ్డాయి, అక్కడక్కడ రావి మొక్కల్లాంటివి మొలిచాయి, నీళ్లు పడేచోట అడుగున రెండు మూడు రాళ్లు ఊడిపోయినట్టున్నాయి. మాలో మూడు రకాల వాదనలు నడుస్తున్నాయి. దిగువ వైపు మొత్తం సిమెంట్‌తో ప్లాస్టరింగ్ చేయించేస్తే ఊట ఆగిపోతుంది అని కొందరు, ఇన్నేళ్లు నిలబడింది ఇంకా నిలబడుతుంది ముట్టుకోకండి అని కొందరు, వాడకం లేని ఆనకట్ట ఎందుకు తీసేయండి అని ఒకరిద్దరు. ముందు ఏం చేయాలి? నిజంగా భయపడాల్సింది దేనికి? తెలిసినవాళ్లు చెప్పండి.

---

బరువులెక్క:

సివిల్ ఇంజనీర్ని, పాత కట్టడాల మీద కొంత పనిచేశాను. ముందు ఒక్కటి, ప్లాస్టరింగ్ ఆపండి. దిగువ వైపు మూయొద్దు. ఎందుకో చెప్తాను, కొంచెం లెక్క ఉంటుంది.

రాతి ఆనకట్ట నిలబడేది కేవలం తన బరువుతో. 6 మీటర్ల లోతు నీళ్లు ప్రతి మీటరు పొడవు గోడనీ దాదాపు 18 టన్నుల బలంతో నెడతాయి. నీటి విస్తీర్ణం ఎంత, వెనక ఎంత దూరం ఉంది అనేదానితో సంబంధమే లేదు, లోతు ఒక్కటే లెక్క. మీ గోడ పైన 1 మీటరు, అడుగున 4 మీటర్ల వెడల్పు అనుకుందాం, మీటరు పొడవుకి దాని బరువు సుమారు 34 టన్నులు. 34 మీద 18 అంటే చూడ్డానికి బాగానే ఉంది కదా. కానీ నీళ్లు గోడని పక్క నుంచి నెట్టడంతో ఆగవు, పునాది కిందకీ, గోడలోని పగుళ్లలోకీ దూరి పైకి కూడా ఎత్తుతాయి. నీళ్ల వైపు అంచున పూర్తి పీడనం, దిగువ అంచుకి వచ్చేసరికి సున్నా అనుకుని లెక్కేస్తే ఆ ఎత్తే బలం 12 టన్నులు. అంటే నేలని పట్టుకుని ఉన్న బరువు 34 కాదు, 22 మాత్రమే. అదే 18 టన్నుల తోపుని ఇప్పుడు ఈ 22 ఆపాలి.

ఇప్పుడు ప్లాస్టరింగ్ సంగతి. నీళ్లు వెనక నుంచి వస్తూనే ఉంటాయి, మీరు ముందు తలుపు వేసేస్తారు. గోడ లోపల పీడనం దిగువ వైపుకి వచ్చేసరికి తగ్గిపోవాల్సింది తగ్గకుండా అలాగే నిలబడుతుంది, ఎత్తే బలం ఇంకా పెరుగుతుంది. పైకి చూస్తే మాత్రం గోడ పొడిగా, కొత్తగా, ముచ్చటగా కనిపిస్తుంది. అందరూ రిపేర్ అయిపోయిందనుకుంటారు, అదే ప్రమాదం.

ఈ పైకెత్తే బలం గురించి ప్రపంచానికి గట్టిగా తెలిసొచ్చింది ఫ్రాన్స్‌లో బూజే ఆనకట్టతో. దాదాపు 22 మీటర్ల ఎత్తు రాతి కట్టడం. 1884లోనే మధ్యలో పెద్ద భాగం దిగువకి కొద్దిగా జరిగింది, రిపేర్లు చేసి అడుగుభాగాన్ని బలపరిచారు, మళ్లీ నింపారు. 1895 ఏప్రిల్ 27న ఆ బలపరిచిన భాగానికి పైన గోడ విరిగి కొట్టుకుపోయింది, 80 మందికి పైగా చనిపోయారు. అప్పటిదాకా ఇంజనీర్లు గోడ లోపలి నీటి పీడనాన్ని లెక్కలోకి సరిగ్గా తీసుకునేవాళ్లు కాదు. అదే ఏడాది మోరీస్ లెవీ అనే ఆయన, నీళ్ల వైపు గోడలో ప్రతి చోటా నొక్కుడు బలం అక్కడి నీటి పీడనం కన్నా ఎక్కువ ఉండాలని ప్రతిపాదించాడు, అలా ఉంటే పగులు తెరుచుకోదని. 1895కి ముందు కట్టిన చిన్న ఆనకట్టల్లో చాలావాటికి ఈ లెక్క అసలు వేసి ఉండరు. కాబట్టి "ఇన్నేళ్లు నిలబడింది" అన్న మాట నాకు ధైర్యం ఇవ్వదు. ఇన్నేళ్లలో వచ్చిన వరదలకి నిలబడింది, అంతే. దానికన్నా పెద్ద వరదకి నిలబడుతుందో లేదో అది చెప్పదు, పైగా అప్పుడున్న గచ్చు ఇప్పుడు లేదు.

వరద అన్నాను కాబట్టి ఇంకో లెక్క. నీళ్లు కట్ట మీద 1 మీటరు ఎత్తున పొర్లితే తోపు 18 నుంచి 24 టన్నులకి పోతుంది. మూడో వంతే కదా పెరిగింది అనుకోవద్దు, గోడని బోర్లా పడేయడానికి చూసే శక్తి మాత్రం ఒకటిన్నర రెట్లు అవుతుంది.

---

సున్నపుచెయ్యి:

పైన సార్ చెప్పిందానికి నేను గచ్చు వైపు నుంచి చెప్తాను, మాది పాత కట్టడాలకి సున్నం పని.

ఆ తెల్ల చారలు ఏంటంటే మీ గోడ లోపలి సున్నమే. ఊటనీరు గోడలోంచి పోతూ సున్నాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుని బయటికి తెస్తుంది, బయట గాలి తగలగానే అది మళ్లీ సున్నపురాయిలా గట్టిపడి చార అవుతుంది. వాన నీళ్లలాంటి మెత్తటి నీళ్లైతే ఇంకా తొందరగా కరిగిస్తాయి. బయట ఎంత తెల్లగా పేరుకుందో లోపల అంత బోలు అయినట్టే లెక్క. చారలు గీకేసి శుభ్రం చేస్తే గోడ బాగుపడదు, వాటిని ముందు ఫోటోలు తీసి ఏ దర్జులోంచి వస్తున్నాయో గుర్తుపెట్టుకోండి, లోపల నీళ్లు ఎటు నడుస్తున్నాయో అవే చెప్తాయి.

సిమెంట్ ఎందుకు వద్దంటానంటే అది మరీ గట్టిది, పాత సున్నం గోడ ఎండకీ చలికీ కొంచెం కదులుతుంది, సిమెంట్ పొర దాంతో పాటు కదలలేక పగిలి పెచ్చులు లేస్తుంది, లేచేటప్పుడు రాతి అంచుని కూడా పట్టుకుని లాగేస్తుంది. దర్జులు నింపాల్సింది నీళ్ల వైపు. నీటిమట్టం దించినప్పుడు వదులైన గచ్చు లోతుగా గీకి, కడిగి, తడిలోనూ గట్టిపడే రకం సున్నంతో నింపాలి. మామూలు సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, నీళ్లలో పనికిరాదు. పాతవాళ్లు అందుకే ఇటుకపొడి, అంటే సుర్ఖీ కలిపేవాళ్లు. 1895లో పూర్తయిన కేరళలోని ముల్లపెరియార్ ఆనకట్ట కూడా సున్నం సుర్ఖీదే, ఇంకా నీళ్లు ఆపుతోంది, కాకపోతే అది పాత గచ్చుని నమ్ముకుని ఒంటరిగా లేదు, తర్వాతి కాలంలో పైన కాంక్రీట్ టోపీ, లోపల కేబుల్ యాంకర్లు (కింద రాతిలోకి దింపి బిగించే ఉక్కు తీగలు), దిగువన కాంక్రీట్ ఆసరా పెట్టారు.

మొక్కల్ని పీకొద్దు దయచేసి. చాలామంది ఉత్సాహంగా గుంజేస్తారు, దాంతో పాటు రాయి కూడా ఊడొస్తుంది. మొదలు దగ్గర కోసి, మళ్లీ చిగురించకుండా చూడాలి, వేరు ఎండిపోయాక ఆ ఖాళీని గచ్చుతో నింపాలి. నింపకుండా వదిలేస్తే వేరు కుళ్లి నీళ్లకి రెడీమేడ్ పైపు తయారవుతుంది. ఆనకట్ట రెండు చివర్లు గట్టులో కలిసే చోట పెద్ద చెట్లు ఉంటే వాటి జోలికి మీరంతట మీరు వెళ్లొద్దు, అది ఇంజనీర్ చూసి చెప్పాలి.

---

గట్టుమీద:

ఇద్దరికీ చాలా థాంక్స్ అండి, ప్లాస్టరింగ్ మాట ఈరోజే గ్రూపులో ఆపించాను. రెండు డౌట్లు. ఒకటి, ఊట ఎంత ఉంటే ఎక్కువ, ఎలా తెలుస్తుంది? ఎడమ చివర గట్టు దగ్గర ఒకచోట వానల తర్వాత కొంచెం మట్టిరంగులో వచ్చింది అని ఒకాయన అంటున్నారు, తర్వాత మళ్లీ తేటగా అయిందట. రెండోది, నీళ్లు పొర్లుతున్నప్పుడు దిగువన జనాన్ని ఆపాలా అని. అక్కడ నడుం లోతే ఉంటుంది, చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుంది, అంత ఎత్తు నుంచి పడే నీళ్ల కింద నిలబడటం వాళ్లకి సరదా, ఆపితే గొడవ అవుతుంది.

---

ఎదురీత:

రెండో దానికి నేను చెప్తాను, నీళ్లలో రెస్క్యూ పని చేసేవాళ్లకి ట్రైనింగ్ ఇస్తుంటాను. ఆపాలి. గొడవైనా సరే ఆపాలి. ఈ థ్రెడ్‌లో అందరూ ఆనకట్ట తెగితే ఏమవుతుందని మాట్లాడుతున్నారు, నిజానికి ఇలాంటి చిన్న ఆనకట్టలు ఎక్కువగా మనుషుల్ని చంపేది తెగి కాదు, చక్కగా నిలబడి ఉండి.

నీళ్లు అంచు మీంచి పొర్లి కింద పడ్డప్పుడు నేరుగా ముందుకి పోవు. దిగువన నీటిమట్టం కొంచెం పెరిగిందంటే, పడ్డ నీళ్లు అడుక్కి దూరి, కొంత దూరం పోయి పైకి లేస్తాయి, పైకి లేచిన దాంట్లో కొంత మళ్లీ గోడ వైపే వెనక్కి తిరుగుతుంది. అంటే పైపొర నీళ్లు దిగువకి కాదు, గోడ వైపు పారుతుంటాయి. అందులో పడ్డ మనిషిని గోడ దగ్గరికి లాగుతుంది, పడే నీళ్లు కిందకి తొక్కుతాయి, అవతల తేల్చుతుంది, మళ్లీ గోడ దగ్గరికి లాగుతుంది. రోజంతా వదలదు. దుంగలు, సీసాలు, బంతులు గోడ ముందు అక్కడక్కడే దొర్లుతూ కనిపిస్తే మీ దగ్గర అది మొదలైనట్టే. పైగా ఆ నీళ్లలో గాలి బుడగలు నిండి ఉంటాయి కాబట్టి నీళ్లు పల్చబడి మనిషిని సరిగా తేల్చవు, లైఫ్ జాకెట్ ఉన్నా మునుగుతాడు. నది మధ్యలో రాయి వెనక సుడి అయితే పక్కలకి తప్పుకోవచ్చు, ఇక్కడ గోడ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒకే తీరుగా ఉంటుంది, పక్కకి పోయినా అదే సుడి.

మీరన్న నడుం లోతు మామూలు రోజు మాట. వాన పడితే దిగువ మట్టం పెరుగుతుంది, నీళ్లు పడే ఎత్తు తగ్గినట్టు కనిపిస్తుంది, జనం "ఈరోజు నీళ్లు నెమ్మదిగా ఉన్నాయి" అనుకుంటారు. సుడి బలంగా ఉండేది సరిగ్గా అప్పుడే. పడవలో పైనుంచి వచ్చేవాళ్లకి అయితే అంచు కనిపించదు కూడా, నీళ్ల మీద ఒక సన్నటి గీతలా ఉంటుంది అంతే.

1975 సెప్టెంబరులో అమెరికాలో బింగమ్‌టన్ దగ్గర సస్క్వెహన్నా నది మీద ఇలాంటి చిన్న ఆనకట్ట కింద రెస్క్యూ పనికి వెళ్లిన అగ్నిమాపక సిబ్బంది పడవే ఆ సుడిలో బోల్తాపడింది, ముగ్గురు సిబ్బంది చనిపోయారు. ట్రైనింగ్ ఉన్నవాళ్లు, పడవ ఉన్నవాళ్లు. కాబట్టి ఎవరైనా అందులో పడితే వెనకాలే దూకొద్దు అని మీ గ్రూపులో ప్రతి ఒక్కరికీ చెప్పండి, పిల్లలకి మరీ మరీ చెప్పండి. ఒడ్డు నుంచి తాడు విసరాలి, లేదా పొడుగు కర్ర అందించాలి, వెంటనే ఫోన్ చేయాలి.

చేయాల్సినవి: ఆనకట్టకి పై వైపు పడవలు ఆగిపోయేలా తేలే బంతుల వరస ఒకటి కట్టండి, అంచుకి బాగా దూరంగా, పొర్లేటప్పుడు ఉండే ఒరవడిలో కూడా తెడ్డు వేసి వెనక్కి తిరగగలిగేంత దూరంలో. దిగువన నీళ్లు పొర్లే రోజుల్లో దిగే దారి మూసేయండి. రెండు ఒడ్డుల మీదా విసిరే తాళ్లు వేలాడదీయండి. బోర్డులో ఉత్త "ప్రమాదం" అని రాస్తే ఎవరూ లెక్కచేయరు, నీళ్లు వెనక్కి ఎలా లాగుతాయో బొమ్మ గీయండి, బొమ్మ చూస్తే ఆగుతారు. ఇంకోటి, కట్ట మీంచి పైవైపు నీళ్లలోకి తలకిందులుగా దూకడం ఉంటే అది కూడా మాన్పించండి, పాత ఆనకట్ట వెనక పూడిక ఎంత పేరుకుందో పైకి కనపడదు.

---

నదిచేప:

నేను తీసేయమనే పార్టీనే, కానీ వెటకారంగా చెప్పట్లేదు. చేపలు ఎగువకి పోయి గుడ్లు పెట్టే దారిని ఒక్క గోడ అడ్డుకుంటుంది, ఇసుక కిందకి రాక దిగువ వాగు కోసుకుపోతుంది. అయితే మీరు రాసింది చదివాక మీ జనానికి ఆ నీళ్లు ఎంత అవసరమో అర్థమైంది. మధ్యేమార్గం ఒకటుంది. దిగువ వైపు గోడకి ఆనించి పెద్ద పెద్ద బండరాళ్లతో ఏటవాలుగా, బాగా పల్చటి వాలుతో ర్యాంపులా పేరుస్తారు. నీళ్లు ఒక్కసారిగా పడకుండా రాళ్ల మధ్య మెట్లు మెట్లుగా దిగుతాయి, ఎదురీత గారు చెప్పిన సుడి ఏర్పడదు, చేపలు ఎక్కగలుగుతాయి, నీళ్లు పడి పునాది కొట్టుకుపోవడం ఆగుతుంది. మరీ ఎత్తైన వాటికి ర్యాంపు చాలా పొడుగు కావాలి, 6 మీటర్లంటే తేలికేం కాదు, అయినా లెక్క వేయించకుండా కొట్టిపారేయొద్దు.

ఇంకో మాట, తీసేయడం అయినా రిపేర్ అయినా వెనకున్న పూడికని ముందు టెస్ట్ చేయించండి. ఒకప్పుడు ఎగువన ఫ్యాక్టరీలాంటివి ఉంటే అందులో ఏం పేరుకుందో తెలీదు, ఒక్కసారిగా వదిలితే దిగువ మొత్తం పాడవుతుంది.

---

బరువులెక్క:

నదిచేప గారి ర్యాంపు ఆలోచన నాకు నచ్చింది. అడుగున బరువు పెరుగుతుంది కాబట్టి గోడ జారకుండా కూడా సాయం చేస్తుంది, ఒక్క షరతు, ఊటనీరు బయటికి పోయే దారి వదలాలి, రాళ్ల మధ్య కాంక్రీట్ పోసి బిగించేస్తే మళ్లీ ప్లాస్టరింగ్ కథే. పూడిక విషయంలో మాత్రం ఒకటి కలుపుతాను. గోడని ఆనుకుని ఉన్న పూడిక గోడని అదనంగా నెడుతుంది నిజమే, కానీ మెత్తటి ఒండ్రు అయితే పునాది కిందకి నీళ్లు దూరకుండా పరదాలా కూడా పనిచేస్తుంటుంది. ఈతకి లోతు కావాలని జేసీబీ పెట్టి గోడ మొదలు దాకా తవ్వేస్తే మర్నాటి నుంచి ఊట పెరిగిన కేసులు ఉంటాయి. గోడ దగ్గర పూడికని ఇంజనీర్ చెప్పేదాకా కదపొద్దు.

ఇప్పుడు ఊట కొలవడం. ఎక్కువా తక్కువా అన్నదానికన్నా మారుతోందా లేదా అన్నది ముఖ్యం. ఊటనీరంతా ఒక చిన్న కాలవలోకి మళ్లించి, దానికి అడ్డంగా 90 డిగ్రీల వి ఆకారం కోసిన రేకు పెట్టండి. వి మొన నుంచి నీళ్లు 5 సెంటీమీటర్ల ఎత్తున పారితే సెకనుకి ముప్పావు లీటరు పైన, 10 సెంటీమీటర్లైతే దాదాపు నాలుగున్నర లీటర్లు. ఎత్తు రెట్టింపైతే నీళ్లు ఐదున్నర రెట్లు దాటతాయి, అందుకే చిన్న మార్పు కూడా దొరికిపోతుంది. రేకు లేకపోతే బకెట్టు, స్టాప్‌వాచ్ చాలు. పక్కనే చెరువు మట్టం, వాన పడిందా లేదా, నీళ్ల రంగు, ఈ మూడూ రాయండి. మట్టం అంతే ఉండి ఊట పెరిగితే లోపల ఏదో తెరుచుకుంటోంది. మట్టం అంతే ఉండి ఊట ఉన్నట్టుండి తగ్గితే సంతోషపడొద్దు, దారి మూసుకుపోయి లోపల పీడనం పెరుగుతుండొచ్చు.

మట్టిరంగు నీళ్ల మాట నాకు అన్నిటికన్నా ఎక్కువ ఆందోళనగా ఉంది. తేటనీరు గోడలోంచి వస్తే సున్నాన్నే తెస్తుంది, బురదనీరు అంటే గోడ కిందనో గట్టులోనో మట్టిని మోసుకొస్తోంది, అంటే బుంగ పడుతోంది. 1802లో స్పెయిన్‌లో పుయెంటెస్ ఆనకట్ట పోయింది అలాగే, 50 మీటర్ల ఎత్తు రాతి గోడ, మధ్యలో పునాదికి గట్టి రాయి దొరక్క ఒండ్రు నేలలో గుంజలు దిగ్గొట్టి దాని మీద కట్టారు, కింద మట్టి కొట్టుకుపోయి గోడ మధ్య భాగం కూలింది, 608 మంది చనిపోయారు. మీది చిన్నదే, కానీ పద్ధతి అదే. వాన వల్ల పైనుంచి ఒలికిన బురదేనా, లోపలి నుంచి వచ్చిందా అన్నది ఊహించొద్దు. ఈసారి వాన పడగానే ఎవరో ఒకరు వెళ్లి అక్కడే నిలబడి చూడాలి, సీసాలో పట్టి నిలవనిచ్చి అడుగున మట్టి దిగిందా చూడాలి. లోపలి నుంచే వస్తోందని తేలితే ఆరోజే ఈత, పడవలు అన్నీ ఆపి, దిగువన ఉన్నవాళ్లకి చెప్పి, నీటిమట్టం నెమ్మదిగా దించాలి.

---

గట్టుమీద:

దించడం అంటే మా తూము షట్టర్ ఎప్పుడో తుప్పు పట్టి బిగుసుకుపోయింది సార్. నలుగురం పట్టి బలంగా తిప్పితే కదులుతుందేమో, ప్రయత్నించమంటారా? ఇంకోటి, మా దగ్గర డ్యామ్‌ల లిస్టులో ఇది ఉందో లేదో కూడా ఎవరికీ తెలీదు.

---

బరువులెక్క:

వద్దు, బలంగా తిప్పొద్దు. పాత షట్టర్‌తో రెండు కష్టాలు. కాడ విరిగి సగంలో ఆగిపోవచ్చు, లేదా తెరుచుకుని మళ్లీ మూతపడకపోవచ్చు, అప్పుడు చెరువు మొత్తం మీ చేతిలో లేకుండా ఖాళీ అవుతుంది, దిగువన ఎవరున్నారో వాళ్ల మీదకి. గజ ఈతగాళ్లని తూము దగ్గరికి పంపడం అసలే వద్దు, మూతికి లాక్కుంటే బయటపడటం ఉండదు. ఇప్పటికైతే సైఫన్ పైపులు పెట్టుకోవచ్చు, గోడ మీంచి అవతలికి పైపు వేసి నీళ్లు లాగడం, గోడని తొలవక్కర్లేదు, షట్టర్ ముట్టుకోనక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆపేయొచ్చు. కాకపోతే పైపు పైకి ఎక్కే ఎత్తు 6, 7 మీటర్లు దాటితే సరిగ్గా పారదు, మీ గోడకి ఆ ఇబ్బంది రాదు. చివరి మూతి గోడ మొదట్లో కాకుండా దిగువన దూరంగా పెట్టండి, లేకపోతే ఆ నీళ్లే పునాదిని తవ్వుతాయి.

లిస్టు విషయం, అంతర్జాతీయంగా పెద్ద డ్యామ్ అనేది 15 మీటర్ల ఎత్తు నుంచి మొదలవుతుంది, 5 నుంచి 15 మధ్య ఉన్నవైతే 30 లక్షల ఘనపు మీటర్లకి పైగా నీళ్లు నిలవ ఉంటేనే. మీలాంటివి చాలావరకు ఏ లిస్టులోనూ పడవు, పడకపోతే తనిఖీకి తనంతట తానుగా ఎవరూ రారు. కాబట్టి భూమి ఎవరి పేరున ఉంది, కట్టడం ఎవరిది అన్నది ముందు కాగితాల్లో తేల్చుకుని, ఆ యజమానికీ స్థానిక నీటి విభాగానికీ రాతపూర్వకంగా ఇవ్వండి, ఫోటోలు, ఊట లెక్కలు జతచేసి. డ్యామ్‌ల అనుభవం ఉన్న ఇంజనీర్‌నే పిలవండి, ఇళ్లు కట్టే ఇంజనీర్ సరిపోడు. ఆయన గోడలో ఒకటి రెండు చోట్ల బోరు వేసి లోపల గచ్చు ఎంత మిగిలింది, పునాది కింద రాయి ఉందా మట్టి ఉందా, పీడనం ఎంత ఉంది చూస్తాడు. తర్వాత గ్రౌటింగా (గోడ లోపలి ఖాళీల్లోకి సిమెంట్ పాలు ఎక్కించడం), డ్రెయిన్ రంధ్రాలా (లోపలి నీళ్లు బయటికి పోయే దారులు), యాంకర్లా అన్నది తేలుతుంది. యాంకర్లు అంటే భయపడొద్దు, 1930ల్లో అల్జీరియాలో షెర్ఫా అనే పాత రాతి ఆనకట్టని పైనుంచి కింద రాతిలోకి ఉక్కు తీగలు దింపి బిగించి నిలబెట్టారు, అప్పటి నుంచి చాలా పాతవాటికి ఇదే చేస్తున్నారు, బయటి రూపం కూడా పెద్దగా మారదు. ఒక్కటి గుర్తుంచుకోండి, గ్రౌటింగ్ చేసేవాడు డ్రెయిన్ రంధ్రాల్ని కూడా సిమెంట్‌తో నింపేసి పోతుంటాడు, దగ్గరుండి చూసుకోండి.

---

సున్నపుచెయ్యి:

నీళ్లు దించిన రోజు నీళ్ల వైపు గోడ మొత్తం వరసగా ఫోటోలు తీసి ఇక్కడ పెట్టండి, పొడవు కొలతకి పక్కన ఒక టేపు వేలాడదీసి. ఏ దర్జులు ముందు పట్టుకోవాలో చెప్తాను. ఊడిన రాళ్లు దిగువన దొరికితే పారేయకండి, పనికొస్తాయి.

---

గట్టుమీద:

సరే అండి. ముందు దిగువ దారి మూసేస్తున్నాం, తాళ్లు కొంటున్నాం, బొమ్మ బోర్డు మాలో ఒకమ్మాయి గీస్తానంది. ఎడమ గట్టు దగ్గర వాన పడినప్పుడల్లా చూడ్డానికి వంతులు వేసుకున్నాం. యజమాని ఎవరో కాగితాలు వెతకడం మొదలైంది. ఊట కొలతలు రాగానే ఇక్కడే పెడతాను.